జూన్ 11 మళ్లీ వస్తోంది: 2026 ఫుట్‌బాల్ వరల్డ్‌కప్‌లో వీఏఆర్ ఉండాలా, వద్దా?

చిత్తూరు చిన్నోడు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ముందు శుభవార్త. బీటీఎంలో మా మేడ మీద ప్రొజెక్టర్ పెట్టుకోవడానికి ఓనర్ ఆంటీ ఒప్పుకున్నారు. ఈసారి 48 జట్లు, 104 మ్యాచ్‌లు. మొదటిది మెక్సికో, దక్షిణాఫ్రికా మధ్య అజ్టెకా స్టేడియంలో. అక్కడ జూన్ 11 మధ్యాహ్నం అంటే మనకు ఆ రాత్రి 12:30. బెంగళూరులో పబ్బులు ఒంటిగంటకు మూసేస్తారు కాబట్టి మేడే దిక్కు. దుప్పట్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోండి.

ఇక అసలు విషయం. క్యాలెండర్‌లో ఆ తేదీకి గుర్తు పెడుతుంటే మా రూమ్మేట్, "జూన్ 11 అంటే ఖతర్ మ్యాచ్ రోజు కదరా" అన్నాడు. నిజమే. 2024 జూన్ 11న దోహాలో మనవాళ్లు ఇదే వరల్డ్‌కప్ క్వాలిఫయర్ ఆడారు. ఛాంగ్తే గోల్‌తో 1–0 ఆధిక్యం. 73వ నిమిషంలో బంతి గోల్‌పోస్టు పక్కనుంచి గీత దాటి బయటికి పోయింది. ఖతర్ ఆటగాడు దాన్ని కాలితో లోపలికి లాగాడు, ఇంకొకడు గోల్ కొట్టాడు. రిఫరీ గోల్ ఇచ్చేశారు. చివరికి 2–1తో ఓడాం, పోటీ నుంచే బయటపడ్డాం. ఆ రౌండ్ మ్యాచ్‌ల్లో వీఏఆర్ (వీడియో చూసి రిఫరీ తప్పుల్ని సరిదిద్దే పద్ధతి) లేదు.

ఉండుంటే బాగుండేదని నేను, వీఏఆర్ వచ్చాక ఆటలో ప్రాణం పోయిందని వాడు. రాత్రి రెండింటిదాకా వాదించుకున్నాం. మీరేమంటారు?

తొమ్మిదో నంబర్

ఉండాలి. ఇందులో రెండో మాట లేదు.

ఆ మ్యాచ్ నేను మారతహళ్లి పీజీలో ఫోన్‌లో చూశాను. మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ బంతిని ఆపాడు, అది ఆయన పక్కనుంచి గీత దాటింది. మనవాళ్లు కార్నర్ అనుకుని ఆగిపోయారు. ఆ ఆగడమే సాక్ష్యం అన్నా. అంతమందికీ బంతి బయటికి పోయిందని తెలుసు కాబట్టే ఆగారు. తెలియనిది రిఫరీకి, లైన్స్‌మన్‌కు మాత్రమే. మ్యాచ్ అయ్యాక కారిడార్‌లో మెట్లమీద కూర్చుండిపోయాను. ఫెడరేషన్ ఫిర్యాదు చేసింది. ఏం మారింది? స్కోరు 2–1గానే ఉంది.

పక్కన ఒక్క టీవీ ఉంటే అర నిమిషంలో తేలిపోయే విషయం.

పాత లైన్స్‌మన్

బెంగళూరు మైదానాల్లో పన్నెండేళ్లు జెండా పట్టుకున్నవాణ్ణి. సొంత ఊరు అనంతపురం. ఆస్టిన్ టౌన్‌లో, గౌతమ్‌పురలో ఆడే పిల్లల్ని చిన్నప్పటి నుంచి చూశాను. ఇళ్ల మధ్య పెలేకు విగ్రహం పెట్టుకున్న పేట అది. అక్కడ ఫుట్‌బాల్ అంటే ఏమిటో నాకు తెలుసు. వీఏఆర్ వద్దని ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

గోల్ లైన్ టెక్నాలజీ వేరు. 2010లో జర్మనీ మీద ఇంగ్లండ్ ఆటగాడు లంపార్డ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి గీత లోపల పడింది. గోల్ ఇవ్వలేదు. అది ఘోరం. 2014 వరల్డ్‌కప్ నుంచి ఆ సమస్య తీరింది. బంతి లోపలుంటే రిఫరీ వాచీకి సంకేతం వస్తుంది, ఆట ఆగదు. అది కొలత. దానికి నేను అడ్డు చెప్పను.

ఫౌల్, హ్యాండ్‌బాల్ అలా కాదు, తీర్పు చెప్పాలి. 2018 ఫైనల్ గుర్తు తెచ్చుకోండి. క్రొయేషియా ఆటగాడు పెరిసిచ్ చేతికి బంతి తగిలింది. రిఫరీ పిటానా మానిటర్ దగ్గరికి వెళ్లారు, చూశారు, వెనక్కి తిరిగారు, మళ్లీ వెళ్లి చూశారు. అప్పుడు పెనాల్టీ. నిబంధనలో రాసింది "స్పష్టంగా కనిపించే తప్పు" అయితేనే మార్చమని. రెండుసార్లు చూడాల్సి వచ్చినదాన్ని స్పష్టమైన తప్పు అని ఎలా అంటాం? వరల్డ్‌కప్ ఫైనల్‌ను అది తిప్పేసింది.

నైట్ షిఫ్ట్

మ్యాచ్ టైమింగ్స్ మొత్తం ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి. లీవులు ఇప్పుడే అప్లై చేయాలి.

తొమ్మిదో నంబర్

లైన్స్‌మన్ అన్నా, మీ మాట ప్రకారమే బంతి గీత దాటిందా లేదా అన్నది కొలత. ఖతర్ గోల్ కూడా అదే కదా. బంతి బయట ఉంది. అంటే వీఏఆర్ ఉండాలని మీరూ ఒప్పుకున్నట్టే.

2022లో జపాన్, స్పెయిన్ మ్యాచ్ చూడండి. జపాన్ ఆటగాడు మితోమా చివరిక్షణంలో లోపలికి తిప్పిన బంతి బయటికి పోయిందనే అందరూ అనుకున్నారు. పక్కనుంచి తీసిన ఫోటోలో బంతికి, గీతకు మధ్య పచ్చగడ్డి కనిపిస్తుంది. పైనుంచి చూస్తే బంతి అంచు ఇంకా గీత మీదే ఉంది, కొన్ని మిల్లీమీటర్లు. గోల్ ఇచ్చారు, జపాన్ 2–1తో గెలిచింది, జర్మనీ ఇంటికి పోయింది. మనిషి కన్ను అది చూడగలదా? అదే టోర్నీలో జర్మనీని ఓడించిన చిన్న జట్టుకు న్యాయం దొరికింది. మనకు దొరకలేదు.

పాత లైన్స్‌మన్

ఒప్పుకోలేదు తమ్ముడూ. గోల్‌కీపర్ నేలమీద పడి ఉన్నప్పుడు పోస్టు పక్కన బంతి కనబడటం ఎంత కష్టమో జెండా పట్టుకుంటే తెలుస్తుంది. అవతలి చివర నిలబడతాం, మధ్యలో ఆరేడుగురు ఉంటారు. చూడనిదాన్ని ఇవ్వకూడదు, అనుమానంతో జెండా ఎత్తకూడదు. మాకు మొదట నేర్పేది అదే.

ఇంకో మాట. ఆ గోల్ వల్లే బయటపడ్డామనడం కూడా సరికాదు. 85వ నిమిషంలో ఖతర్ రెండో గోల్ కొట్టింది, అది సవ్యమైన గోల్. మొదటిది రద్దు చేసినా స్కోరు 1–1. డ్రా అయితే మనకు 6 పాయింట్లు. అదే రాత్రి అఫ్గానిస్తాన్ మీద గెలిచిన కువైట్‌కు 7. ఎలా చూసినా ముందుకు పోయేవాళ్లం కాదు.

తొమ్మిదో నంబర్

ఇది లెక్క కాదు. 1–0తో ముందున్న జట్టు 85వ నిమిషంలో ఎలా ఆడుతుంది? వెనకే ఉంటుంది, బంతిని దూరంగా కొడుతుంది, టైం గడుపుతుంది. అన్యాయంగా గోల్ పడిన జట్టు ముందుకు ఉరుకుతుంది, వెనక ఖాళీ వదిలేస్తుంది. రెండో గోల్ ఆ మొదటిదానికి పుట్టిన పిల్ల.

పాత లైన్స్‌మన్

"అలా జరిగేది" అన్నదానికి సాక్ష్యం ఉండదు. స్కోర్‌కార్డు మాత్రమే ఉంటుంది.

తొమ్మిదో నంబర్

సాక్ష్యం వీడియోలో ఉంది. మీరు చూడనంటున్నారు.

లాలాగూడ

నాయనలారా, కువైట్ పాయింట్లు పక్కన పెట్టండి. నాకు 71 ఏళ్లు. మా నాన్న రైల్వేలో పనిచేస్తూ సికింద్రాబాద్ మైదానాలకు నన్ను భుజాన ఎక్కించుకుని తీసుకుపోయేవారు. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ తయారుచేసిన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారం తెచ్చింది. మా అమ్ముగూడ తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నారు. అప్పుడు రీప్లే లేదు, టీవీయే లేదు. మర్నాడు పేపర్లో ఏం రాస్తే అదే. ఆ ఆట మీద మాకున్న ప్రేమ ఏం తగ్గింది?

పాలక్కాడు కోడలు

బాబాయ్ గారూ, ప్రేమ తగ్గలేదు సరే. కానీ బెంగళూరులో ఉంటూ ఈ మాట ఎవరూ ఎత్తరేమిటి? 2023 మార్చి 3, కంఠీరవ స్టేడియం, ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో బెంగళూరు, కేరళ జట్ల ప్లేఆఫ్. అదనపు సమయంలో, 96వ నిమిషంలో కేరళ గోల్‌కీపర్ ఆటగాళ్లను అడ్డుగోడగా సర్దుకుంటుంటే బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రీ ఫ్రీ కిక్ కొట్టేశాడు. రిఫరీ గోల్ ఇచ్చారు. కేరళ జట్టు మైదానం వదిలి వెళ్లిపోయింది. ఆ తర్వాత క్లబ్బుకు 4 కోట్ల జరిమానా, కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం. ఆ రోజు నేను, మా ఆయన స్టేడియంలోనే పసుపు జెర్సీల్లో ఉన్నాం. ఐఎస్‌ఎల్‌లో అప్పుడు వీఏఆర్ ఉండుంటే ఇదంతా జరిగేది కాదు.

వెస్ట్ బ్లాక్ వాసి

జరిగేది మేడం. అచ్చం అలాగే జరిగేది. క్విక్ ఫ్రీ కిక్ తీసుకోవడం కొట్టేవాడి హక్కు. రిఫరీ "విజిల్ కోసం ఆగు" అని చెబితేనే ఆగాలి. గోల్‌కీపర్ అంత ముందుకు ఎందుకు వచ్చాడు?

పాలక్కాడు కోడలు

గోడకు దూరం చూపిస్తున్న రిఫరీ ఆట మొదలైందని ఎలా అనుకుంటారు?

వెస్ట్ బ్లాక్ వాసి

ఛెత్రీ అడిగాడు, రిఫరీ సరేనన్నారని ఛెత్రీయే మ్యాచ్ తర్వాత చెప్పాడు. మీ జట్టు ఆడి గెలవాల్సింది. ఇంకా 24 నిమిషాలు మిగిలే ఉన్నాయి.

పాత లైన్స్‌మన్

ఈ ఒక్క విషయంలో నిబంధన చెబుతాను, మళ్లీ ఆ మ్యాచ్ జోలికి రాను. వీఏఆర్‌ను 2018లో చట్టంలో చేర్చినప్పుడు నాలుగింటికే అన్నారు: గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకరికి బదులు ఇంకొకరికి కార్డు ఇవ్వడం. గోల్ కిందికి ఆఫ్‌సైడ్ (పాస్ ఇచ్చేటప్పుడు చివరి డిఫెండర్ కన్నా గోల్‌కు దగ్గరగా ఉండటం), ఫౌల్, బంతి బయటికి పోవడం వస్తాయి. ఫ్రీ కిక్‌ను త్వరగా తీసుకోనివ్వాలా వద్దా అన్నది ఆ జాబితాలో లేదు. కాబట్టి మానిటర్ ఉన్నా ఆ రాత్రి ఏమీ మారేది కాదు. ఎక్కడ మొదలుపెట్టినా జనం "ఇంకొకటి కూడా కలపండి" అంటారు. కార్నర్, త్రో ఇన్, చివరికి టాస్ దాకా పోతుంది.

పాలక్కాడు కోడలు

అంటే లోపం ఆ జాబితాలో ఉంది. జాబితా పెంచాలి.

నైట్ షిఫ్ట్

ఒక టెక్నికల్ విషయం. నా ఉద్యోగమే కెమెరా సాఫ్ట్‌వేర్. 2022 వరల్డ్‌కప్‌లో ఆఫ్‌సైడ్ కోసం స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు, ఒక్కో ఆటగాడి ఒంటిమీద 29 చోట్ల గుర్తులు, సెకనుకు 50 సార్లు నమోదు. బంతిలో ఉన్న సెన్సర్ సెకనుకు 500 సార్లు. ఈసారి బంతి ట్రయోండాలోనూ అలాంటి సెన్సర్ ఉంది.

పాత లైన్స్‌మన్

50 సార్లా? అయితే లెక్క వేయండి. గట్టిగా పరుగెత్తేవాడు సెకనుకు ఎనిమిది మీటర్లు పోతాడు. రెండు ఫోటోల మధ్య 16 సెంటీమీటర్లు కదులుతాడు. అరచేతి కన్నా ఎక్కువ! భుజం అంగుళం ముందుందని గోల్ రద్దు చేయడం ఏం న్యాయం? అదే టోర్నీలో సౌదీ మీద అర్జెంటీనా ఆటగాడు లౌతారో 27వ నిమిషంలో గోల్ కొట్టాడు. భుజం ఆఫ్‌సైడ్ గీత దాటిందని రద్దు చేశారు. ఆఫ్‌సైడ్ నిబంధన పుట్టింది గోల్ దగ్గర కాపు కాసేవాణ్ణి ఆపడానికి. భుజాలు కొలవడానికి కాదు.

నైట్ షిఫ్ట్

అలా కాదు సార్. రెండు ఫోటోల మధ్య ఎక్కడున్నాడో వేగాన్ని బట్టి లెక్కగడతారు. పాస్ ఎప్పుడు ఇచ్చారన్నది బంతి సెన్సర్ చెబుతుంది.

పాత లైన్స్‌మన్

లెక్కగడతారు అంటే ఊహిస్తారు. నేనూ అదే చేసేవాణ్ణి. నాది తప్పయితే తిట్టారు, దానిది ఒప్పని నమ్ముతున్నారు.

తొమ్మిదో నంబర్

అన్నా, మీ ఊహకు, దాని ఊహకు ఒక్క తేడా ఉంది. దానికి జట్టు పేరు తెలియదు. సౌదీ అని, అర్జెంటీనా అని చూడదు. మనిషికి అవన్నీ తెలుస్తాయి. పెద్ద జట్టు, పెద్ద ఆటగాడు, ఎవరి పేట, ఎవరి అబ్బాయి. లౌతారో గోల్ రద్దు చేయడం వల్లే సౌదీ 2–1తో గెలిచిందని మర్చిపోకండి. మెషీన్ లేకపోతే ఆ గోల్ అర్జెంటీనాకు ఇచ్చేసేవారు, ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు.

కురసావ్ అన్న దీవి పేరు విన్నారా? లక్షన్నర మంది జనాభా. ఈ వరల్డ్‌కప్‌కు అర్హత సాధించింది. ఇంత తక్కువ జనాభా ఉన్న దేశం ఇంతకుముందు ఏదీ రాలేదు. 2025 నవంబర్‌లో జమైకాలో చివరి మ్యాచ్, డ్రా చాలు. స్కోరు 0–0, ఇంజురీ టైంలో జమైకాకు పెనాల్టీ ఇచ్చారు. వీఏఆర్ పిలిచింది, రిఫరీ మానిటర్ చూసి పెనాల్టీ రద్దు చేశారు. ఒక దీవి మొత్తం ఆ ఒక్క నిమిషం మీద నిలబడింది. దాన్ని తీసేయమని మీరు చెప్పగలరా?

పాత లైన్స్‌మన్

కురసావ్ విషయంలో సంతోషమే. ఆ రాత్రి నేనూ చూశాను.

అయితే మెషీన్ వెనక కూర్చునేది మనిషే తమ్ముడూ. 2023 సెప్టెంబర్ 30, టోటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ మంచి గోల్ కొట్టాడు. లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ అన్నాడు. గదిలో కూర్చున్న వీఏఆర్ అధికారి మైదానంలో గోల్ ఇచ్చారనుకుని "చెక్ అయిపోయింది" అన్నాడు. ఆట మొదలైపోయింది. తప్పని తెలిసీ వెనక్కి తీసుకోలేకపోయారు. ఆడియో బయటపెట్టారు, వినండి, ఆ గదిలో గొంతులు ఎలా వణికాయో.

స్వీడన్‌లో క్లబ్బులు సభ్యుల చేతుల్లో ఉంటాయి. ఆ అభిమానులే వీఏఆర్ వద్దని ఆపారు. వాళ్లందరికీ న్యాయం అంటే పడదా? గోల్ పడిన క్షణంలో పక్కనున్న ముక్కూమొహం తెలియనివాణ్ణి కౌగిలించుకుంటాం చూడండి, దాన్ని కాపాడుకోవాలనుకున్నారు. ఇప్పుడు గోల్ పడితే ముందు రిఫరీ చెవి వైపు చూస్తున్నారు.

వెస్ట్ బ్లాక్ వాసి

ఇది మాత్రం నిజం. 2023లో ఆ గోల్ పడ్డప్పుడు ఏం జరుగుతోందో అర్థం కాక ఐదు నిమిషాలు సంతోషించలేకపోయాం.

చిత్తూరు చిన్నోడు

ఇంగ్లండ్‌లోనూ 2024లో వుల్వ్స్ క్లబ్బు వీఏఆర్ తీసేయాలని తీర్మానం పెట్టింది. 19–1తో ఓడింది. తిట్టుకుంటూనే అందరూ కావాలన్నారు.

తొమ్మిదో నంబర్

కౌగిలింతల కోసం అన్యాయాన్ని భరించాలా? స్టేడియంలో కూర్చున్నవాడికి కౌగిలి, మైదానంలో ఓడినవాడికి కన్నీళ్లు.

ఇంత వాదించాక ఒకటి అర్థమైంది. మీలాంటివాళ్లకు ఆట పోతుందన్న బాధ లేదు. మానిటర్ వస్తే చేసిందంతా బయటపడుతుందన్న భయం. రిఫరీ తప్పు చేస్తే ఏం పోతుంది? మర్నాడు ఇంకో మ్యాచ్‌కు పోతాడు. పైగా మన లోకల్ మ్యాచ్‌ల్లో ఎవరు ఎవరికి టీ తాగిస్తారో మాకు తెలియదా?

పాత లైన్స్‌మన్

టీ మాట వెనక్కి తీసుకో.

ఏం పోతుందో చెబుతాను విను. 2019లో ఒక డివిజన్ లీగ్ మ్యాచ్. చివరి పది నిమిషాల్లో ఆఫ్‌సైడ్ అని జెండా ఎత్తాను. గీత పక్కనే ఒక కుర్రాడు ఫోన్‌లో తీస్తున్నాడు. మ్యాచ్ కాగానే ఆ వీడియో పదిమంది చేతులు మారింది. మధ్యలో ఆపి, వేళ్లతో పెద్దది చేసి, నా మొహం ముందు పెట్టారు. "చూడు, కాలు వెనకుంది చూడు" అన్నారు. నిజం చెబుతున్నాను, కాలు వెనకే ఉంది. నాదే తప్పు. ఆ మాట చెప్పేలోపే వెనకనుంచి ఒక దెబ్బ పడింది. కనుబొమ్మ మీద మూడు కుట్లు. ఆ రోజు నాకు ముట్టింది ఆటో ఖర్చులు పోను 300 రూపాయలు. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. "నాన్నా, నువ్వు ఎవరినైనా మోసం చేశావా?" అని అడిగింది. ఆ తర్వాత జెండా పట్టుకోలేదు.

అంతకుముందు తిట్లు లేవా అంటే ఉన్నాయి. కానీ తిట్టేసి మర్చిపోయేవారు, రాత్రికి అదే టీ కొట్టు దగ్గర కలిసేవాళ్లం. ప్రతి తప్పుకూ వీడియో ఉంటుందని పెద్ద మ్యాచ్‌లు చూసి జనానికి అలవాటైంది. మాకు మాత్రం 30 కెమెరాలు లేవు. అక్కడ మెషీన్ పెట్టారు, ఇక్కడ మనిషి కూడా మెషీన్ కావాలంటున్నారు.

1986లో ఇదే అజ్టెకాలో మారడోనా చేత్తో గోల్ కొట్టాడు. రిఫరీ ట్యునీషియా దేశస్తుడు, లైన్స్‌మన్ బల్గేరియాకు చెందిన బొగ్దాన్ డోచెవ్. రిఫరీని జనం పోనుపోనూ వదిలేశారు. 2015లో మారడోనా ఆయన ఇంటికే వెళ్లి జెర్సీ ఇచ్చి వచ్చాడు. డోచెవ్ మాత్రం ఆ గోల్ వల్ల తన జీవితం పాడైందని చెప్పుకున్నాడు. ఆ ఇద్దరూ ఒకరి మీద ఒకరు నెపం వేసుకుంటూనే బతికారు. జెండా పట్టుకున్నవాడికి ఏమీ పోదని ఇంకెప్పుడూ అనకు.

లాలాగూడ

బాబూ, అంత దెబ్బ తగిలిందని తెలియదు. తొమ్మిదో నంబర్, ఆ టీ మాట తీసేయి నాయనా.

తొమ్మిదో నంబర్

టీ మాట తప్పు. తీసేశాను. క్షమించండి అన్నా. మిమ్మల్ని కొట్టినవాడి చేయి విరగాలి.

మీరు మీది చెప్పారు కాబట్టి నాదీ చెబుతాను. ఇక్కడ ఎప్పుడూ రాయలేదు.

అప్పుడు నాకు 17. అండర్–19 జట్టుకు సెలక్షన్ మ్యాచ్. మాది కదిరి దగ్గర పల్లె. నాన్న రెండు మేకలు అమ్మి షూస్ కొనిచ్చారు. రాత్రి బస్సులో వచ్చి మెజెస్టిక్‌లో దిగి, అక్కడే మొహం కడుక్కుని మైదానానికి పోయాం. నేను తొమ్మిదో నంబర్. రెండో సగంలో నాకు పాస్ వచ్చింది, ఇద్దరిని దాటి గోల్ కొట్టాను. జెండా లేచింది. పాస్ ఇచ్చినప్పుడు నేను మా సగంలోనే ఉన్నాను అన్నా. సెంటర్ లైన్‌కు ఇవతల! అక్కడ ఆఫ్‌సైడ్ అనేదే ఉండదు. ఆయన దగ్గరికి పరుగెత్తి చెప్పాను. పసుపు కార్డు చూపించారు. కోచ్ వెంటనే నన్ను బయటికి పిలిచేశాడు. జాబితాలో నా పేరు లేదు.

తిరుగు బస్సులో నాన్న ఒక్కమాటే అన్నారు, "పోనీలే, పెద్దాయన చూసే ఎత్తి ఉంటాడు." నా మాట కన్నా ఆ జెండా మాట నమ్మారు. అది ఈ రోజుకీ పోలేదు. ఇప్పుడు ఆఫీసు జట్టుకు ఆడుతున్నాను, ఆదివారాలు.

మీ తప్పుకు వీడియో ఉంది కాబట్టి దెబ్బలు తిన్నారు. నా గోల్‌కు వీడియో లేదు కాబట్టి నా మాట ఎవరూ నమ్మలేదు. మారడోనా రిఫరీ ఇంటికి వెళ్లాడంటున్నారు. వెళ్లగలడు, గెలిచినవాడు కదా. ఆ గోల్ పడిన ఇంగ్లండ్ కీపర్ షిల్టన్ ఎన్నేళ్లయినా క్షమించలేదు. క్షమించమని అడగడం సులువు, ఎవరి గోల్ పోయిందో వాళ్లను అడగండి.

పాలక్కాడు కోడలు

నాన్నగారు ఇప్పుడు మీ ఆట చూస్తున్నారా?

తొమ్మిదో నంబర్

పోయారండి, 2021లో.

చిత్తూరు చిన్నోడు

ఏం రాయాలో తెలియడం లేదు. ఒక్క విషయం మాత్రం. ఫీఫా 2024లో అమ్మాయిల అండర్–20 వరల్డ్‌కప్‌లో ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్ అని చిన్న పద్ధతి పెట్టింది. ప్రత్యేక గది, అధికారులు ఉండరు. కోచ్ మ్యాచ్‌కు రెండుసార్లు అడగొచ్చు, రిఫరీయే పక్కనున్న తెరమీద చూసుకుంటారు. మన క్రికెట్ డీఆర్‌ఎస్ లాంటిది. ఖర్చు తక్కువ. లీగ్ మ్యాచ్‌లకు ఇలాంటిది వస్తే లైన్స్‌మన్ అన్న మొహం మీద ఎవరూ ఫోన్ పెట్టరు, తొమ్మిదో నంబర్ గోల్ కూడా పోదు కదా?

పాత లైన్స్‌మన్

రిఫరీ తనే చూసుకుంటాడంటే అది నాకు నచ్చింది. తప్పు దిద్దుకునేది ఆ మనిషే. మిగతాదానికి నేను ఒప్పుకోను. కెమెరా ఉన్న మైదానాలు ఎన్ని, లేనివి ఎన్ని? లేనిచోట ఇంకా ఎక్కువ దెబ్బలు పడతాయి.

తొమ్మిదో నంబర్ తమ్ముడూ, సొంత సగంలో ఆఫ్‌సైడ్ ఇవ్వడం క్షమించరానిది. ఆ రోజు జెండా ఎత్తింది నేను కాదని తెలుసుకోవడానికి నీ వయసు, సంవత్సరం లెక్కవేసి చూసుకున్నాను. నేను కాదు. అయినా నిద్ర పట్టలేదు.

తొమ్మిదో నంబర్

ఒకటి అడుగుతాను అన్నా. అలా ఎత్తినాయనకు తన తప్పు తెలిసి ఉంటుందా?

పాత లైన్స్‌మన్

తెలుస్తుంది. కుర్రాడు పరుగెత్తుకొచ్చి మొహంలోకి చూసినప్పుడే సగం తెలుస్తుంది. మిగతా సగం రాత్రికి. పడుకుంటే పాస్ ఎప్పుడు కదిలిందో అదే మళ్లీ మళ్లీ కళ్లముందు ఆడుతుంది. 2011లో నేనిచ్చిన ఒక కార్నర్ ఇప్పటికీ వస్తుంది.

తొమ్మిదో నంబర్

మరి మర్నాడైనా చెప్పొచ్చు కదా. ఆ కుర్రాడికి కాకపోతే కోచ్‌కు. "నాదే పొరపాటు" అని.

పాత లైన్స్‌మన్

ఎవరికి చెప్పాలి? మేం పనిచేసిన రోజుల్లో మ్యాచ్ రిపోర్టులో గోల్స్ రాయడానికి గడి ఉండేది, కార్డులకు ఉండేది, ఆటగాళ్ల దురుసుతనానికి ఉండేది. మా తప్పు రాయడానికి గడి లేదు.

తొమ్మిదో నంబర్

ఆ గడి కోసమే అన్నా నేను ఇన్ని పోస్టులు రాసింది.

నైట్ షిఫ్ట్

12వ తేదీకి లీవు దొరికింది. మేడ మీదికి కేఆర్‌పురం నుంచి వస్తాను. కారులో ఇద్దరికి చోటుంది.

పాత లైన్స్‌మన్

నేను హెణ్ణూరు. తొమ్మిదో నంబర్‌ను కూడా మారతహళ్లిలో ఎక్కించుకోండి.